ఊరు విడిచిన చీరాల, శిస్తు ఆపిన పెదనందిపాడు

అన్యాయమని తోచిన చట్టాన్ని దాపరికం లేకుండా అతిక్రమించి, అందుకు పడే శిక్షను ఎదురుతిరగకుండా భరించడాన్ని శాసనోల్లంఘనమనీ, ప్రభుత్వం నడవడానికి ప్రజలు అందించే సొమ్మునూ సేవలనూ నిలిపివేయడాన్ని సహాయ నిరాకరణమనీ వ్యవహరిస్తారు. గ్రంథాల్లో ఇవి వేరువేరు ప్రకరణాలే అయినా, 1921–22లో గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో రెండూ కలిసే సాగాయి. కొద్ది నెలల తేడాతో నడిచిన చీరాల–పేరాల, పెదనందిపాడు ఉద్యమాలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే, అహింసాయుత పోరాటానికి బలం ఎక్కడ నుంచి వస్తుందో, అది ఎక్కడ చాలకుండా పోతుందో తెలుస్తుంది.

చీరాల, పేరాల ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఊళ్లు. రెండింటి జనాభా కలిపి అప్పటికి సుమారు 15 వేలు, అందులో నేతపనివారు, రైతులు, చిల్లర వర్తకులు ఎక్కువ. ప్రభుత్వం ఈ ఊళ్లను కలిపి మునిసిపాలిటీగా మార్చడంతో, అంతకు ముందు యూనియన్ అనే స్థానిక సంస్థకు ఏటా 4 వేల రూపాయలకు అటూఇటూగా చెల్లించిన జనం మీద దాదాపు పదింతల పన్ను వచ్చి పడింది. దానికి తగిన సౌకర్యాలేవీ కనుచూపు మేరలో లేవు. ప్రజలు పన్ను కట్టబోమన్నారు, కొందరు జైలుకు వెళ్లారు, వారిలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ కూడా ఉన్నారు. ఈ పోరాటానికి నాయకుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, రామదండు అనే స్వచ్ఛంద సేవాదళాన్ని తీర్చిదిద్దిన వ్యక్తి. విజయవాడ అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం ముగిశాక 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చిన గాంధీజీ, అహింస తప్పకుండా పన్ను నిరాకరించడమో, ఊరినే ఖాళీ చేసి మునిసిపాలిటీకి పాలించడానికి మనుషులు లేకుండా చేయడమో, రెండు దారులున్నాయని సూచించారు. అయితే కాంగ్రెస్ నుంచి ధనసహాయం ఆశించవద్దని కూడా స్పష్టం చేశారు. ప్రజలు రెండో దారినే ఎంచుకున్నారు. ఊరి పొలిమేర దాటి పాకలు వేసుకుని, ఆ కొత్త వాడకు రామనగరమని పేరు పెట్టుకుని, తమ తగవులు తామే తీర్చుకుంటూ నెలల తరబడి ఎండకూ వానకూ ఓర్చి బతికారు.

ఇంతటి త్యాగాన్ని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు గాని, పద్ధతిగా దీన్ని తూచి చూడక తప్పదు. గుంట మగ్గాన్ని ఇంటి నేలలోనే గొయ్యి తవ్వి నిలుపుతారు. నేతగాడు కాళ్లు ఆ గోతిలోకి దించి తొక్కుడు చెక్కలు తొక్కితేనే బట్ట సాగుతుంది. ఇల్లు విడవడమంటే అతనికి నీడ ఒక్కటే పోవడం కాదు, కూడు పెట్టే పనిముట్టూ పోవడం. ఊరు ఖాళీ అయినందువల్ల ప్రభుత్వానికి కలిగిన నష్టం కొంత పన్నూ, కొంత పరువూ. ప్రజలకు కలిగినది రోజువారీ నష్టం. అందుకే గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపాక, నడిపించేవారు లేక, చేతిలో డబ్బూ ఆడక, జనం దాదాపు పదకొండు నెలల తర్వాత ఇళ్లకు తిరిగి రావలసి వచ్చింది.

పెదనందిపాడు ఫిర్కాలో, అంటే తాలూకాలో రెవెన్యూ పనుల కోసం ఏర్పరచిన చిన్న విభాగంలో, స్వరాజ్యం కోరుతూ శిస్తు ఆపిన రైతులు కదిపిన కీలు వేరు. శిస్తు అనే భూమిపన్నును అప్పట్లో దొరలు స్వయంగా వచ్చి వసూలు చేసేవారు కాదు. మునసబు వసూలు చేసేవాడు, కరణం అడంగలూ లెక్కలూ రాసేవాడు, తలారి, వెట్టి వారి వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. ఈ గ్రామోద్యోగులు వరసగా రాజీనామాలు ఇవ్వడంతో, ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరు ఎంత బాకీయో చెప్పే నోరే ప్రభుత్వానికి లేకుండా పోయింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శాంతిసేన అనే స్వచ్ఛంద దళం ఊరూరా తిరిగి కట్టుబాటును కాపాడింది. జప్తుకు వచ్చిన అధికారులకు బండి కట్టేవారు లేరు, వంటకు సరుకులిచ్చేవారు లేరు. పశువులనూ పాత్రలనూ పట్టుకుపోయి వేలం వేస్తే పాట పాడేవారూ లేరు. వేలంలో కొనేవాడు లేనప్పుడు జప్తు అనే అధికారం కాగితం మీదే నిలిచిపోతుందన్న చిన్న సంగతిని ఆ రైతులు ఏ రాజనీతి గ్రంథమూ చదవకుండానే పట్టుకున్నారు. 1922 జనవరి కిస్తీ, అంటే శిస్తు వాయిదా, గడువు దాటినా ఆ ప్రాంతంలో రావలసిన శిస్తులో 5 శాతమైనా వసూలు కాలేదంటారు. సైనికులను ఊళ్ల మీదుగా నడిపించి, భూములు పోతాయని బెదిరించినా, ప్రజలు రాయి ఎత్తలేదు. ఎత్తి ఉంటే ప్రభుత్వానికి అంతకన్నా కావలసింది ఉండేది కాదు, ఎందుకంటే తుపాకీకి పని కల్పించడం దానికి తెలిసిన విద్య, పలకని ఊరిని పలికించడం తెలియని విద్య.

ఈ కట్టుబాటులో ఒక మసక గీత కూడా ఉంది. అధికారికి బండి కట్టకపోవడం నిరాకరణం. శిస్తు కట్టిన పొరుగువాడికి చాకలినీ మంగలినీ ఆపించడం సాంఘిక బహిష్కారం, అది సులువుగా బలవంతంగా మారుతుంది. శాసనోల్లంఘన మొదలుపెట్టే ప్రాంతాలకు ఖద్దరు, హిందూ–ముస్లిం ఐక్యత, అస్పృశ్యతా నివారణ, అహింసా నిష్ఠ వంటి షరతులను 1921 నవంబరులో ఢిల్లీలో కాంగ్రెస్ విధించడంలో ఈ భయం లేకపోలేదు. గుంటూరు జిల్లా ఆ షరతులన్నీ నెరవేర్చిందా అన్న విషయంలో గాంధీజీకి సందేహం ఉండేది. ఇంతలో 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం గుంపు పోలీసులను చంపడం, ఆ వెంటనే గుజరాత్‌లోని బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం సామూహిక శాసనోల్లంఘనను నిలిపివేయడం జరిగిపోయాయి. పెదనందిపాడు రైతులు ఆ నెలలోనే శిస్తు కట్టక తప్పలేదు. పుల్లరి, అంటే అడవిలో పశువుల మేతకు చెల్లించే పన్ను, కట్టనన్న పల్నాటి కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించినదీ ఆ నెలలోనే. దూరాన ఎక్కడో జరిగిన తప్పుకు, తప్పు చేయని ఊరు మూల్యం చెల్లించిందన్న బాధ న్యాయమైనదే.

పెదనందిపాడులో లోపించినది పట్టుదల అనడానికి వీలులేదు, లోపించినది ఎక్కడ ఆగాలో చెప్పే కోరిక. స్వరాజ్యం కోసం శిస్తు ఆపినప్పుడు కలెక్టరు ఏమిచ్చి రాజీపడగలడు? 1928లో అదే బార్డోలీ తాలూకాలో వల్లభభాయి పటేల్ నడిపిన సత్యాగ్రహంలో గ్రామోద్యోగుల రాజీనామాలు, పాటదారులు లేని వేలాలు మళ్లీ కనిపిస్తాయి, కాని కోరిక మాత్రం సుమారు 22 శాతం పెంచిన శిస్తుపై నిష్పాక్షిక విచారణ ఒక్కటే. విచారణలో న్యాయమైన పెంపు 6 శాతం పైచిలుకేనని తేలింది. జప్తు చేసిన భూములను తిరిగి ఇప్పించడం, రాజీనామా చేసిన పటేళ్లు, తలాటీలు అనే గ్రామోద్యోగులను మళ్లీ ఉద్యోగాల్లోకి తీసుకోవడం ఆ రాజీలో భాగమయ్యాయి.