బొటనవేలి దగ్గర అంగుళం ఖాళీ

ఒక చెయ్యి ఎంతమేరకు పనికిరాకుండా పోయిందో కాగితం మీద పెట్టడం మాటలు కాదు. అమెరికాలో మాజీ సైనికుల వైకల్య పరిహారం అపీళ్ల మీద వచ్చే తీర్పులు తిరగేస్తే ఆ సంగతి తెలుస్తుంది. వెటరన్స్ అఫైర్స్ శాఖ వైకల్యానికి శాతాల్లో ఇచ్చిన రేటింగ్ తక్కువనిపిస్తే సైనికుడు బోర్డ్ ఆఫ్ వెటరన్స్ అపీల్స్ తలుపు తట్టొచ్చు. బోర్డు తీర్పులను పేర్లు తీసేసి అందరూ చదువుకునేలా ఉంచుతారు. మణికట్టు, వేళ్ల కేసులు వాటిలో బోలెడు. భాష పొడిపొడిగా ఉంటుంది, చెప్పిందే చెబుతున్నట్టూ ఉంటుంది. కానీ మంచి తీర్పు చేతికి దొరికితే, వడ్రంగం బాగా తెలిసినవాడు బిగించిన కీలు చూసినట్టే ఉంటుంది.

ఆ పనితనానికి ముడిసరుకు, ఏ వైకల్యానికి ఎంత శాతమో చెప్పే రేటింగ్ షెడ్యూల్. మామూలు మణికట్టు వెనక్కి 70 డిగ్రీలు, అరచేతి వైపు 80 డిగ్రీలు వంగుతుందనీ, పక్కలకైతే చిటికెన వేలి వైపు 45, బొటనవేలి వైపు 20 డిగ్రీలు కదులుతుందనీ అందులో బొమ్మ వేసి మరీ చూపించారు. డాక్టరు కంటి అంచనాతో సరిపెట్టుకుంటే కుదరదు. కోణాలు కొలిచే గోనియోమీటరు పెట్టి కొలిచి తీరాలి.

వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ షెడ్యూల్ ఇంకో దారి తొక్కుతుంది. అక్కడ ప్రధానమైన కొలత డిగ్రీలు కాదు, మిగిలిపోయిన ఖాళీ. చూపుడు వేలిని మడవగలిగినంత మడిచాక దాని కొసకీ అరచేతిలోని అడ్డగీతకీ మధ్య అంగుళం గానీ అంతకు మించి గానీ ఖాళీ ఉంటే 10 శాతం. అంతకు తగ్గితే ఆ లెక్కన సున్నా. ఆ అడ్డగీత హస్తసాముద్రికం చెప్పేవాళ్లు బుద్ధిరేఖ అనేదే. జాతకం చెప్పే గీతే ఇక్కడ పరిహారం తేలుస్తుంది. బొటనవేలు మిగతా వేళ్లను అందుకోబోయి 2 అంగుళాల కంటే ఎక్కువ దూరంలో ఆగిపోతే 20 శాతం. ఒకటి నుంచి రెండు అంగుళాల దూరంలో ఆగితే 10.

వేలి ఒక్కో కణుపు ఎంత వంగిందో విడివిడిగా లెక్కేసి ఉంటే కాగితం నిండేది, మనిషి సంగతి మాత్రం తేలేది కాదు. ఖాళీని కొలిస్తే ఆ చెయ్యి ఏం పట్టుకోలేకపోతోందో నేరుగా తెలుస్తుంది. స్క్రూడ్రైవరు పిడి జారిపోయేది ఆ అంగుళంలోంచే. ఈ షెడ్యూల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

కుడి, ఎడమ చేతివాటం సంగతి చూడండి. వాటపు చేతికి, అంటే ఎక్కువగా వాడే చేతికి, దెబ్బ తగిలితే చాలా చోట్ల రేటింగ్ ఎక్కువ. మరి రెండు చేతులతోనూ సమంగా పనిచేసేవాడి మాటేమిటి? దెబ్బ తగిలిన చెయ్యే అతని వాటపు చెయ్యి అనుకోమంటుంది నిబంధన. రెండింటికీ తగిలితే, ఎక్కువ దెబ్బతిన్నది. ఒక్క వాక్యం, అదీ మనిషి పక్షానే మొగ్గింది.

చేతిలోని మీడియన్ నరం పూర్తిగా చచ్చుబడితే చెయ్యి ఎలా ఉంటుందో రాసిన భాగం ఇంకా బాగుంటుంది. చెయ్యి చిటికెన వేలి వైపు ఒరుగుతుంది. బొటనవేలి కింది కండ కరిగిపోతుంది. బొటనవేలు అరచేతితో సమంగా, కోతి చేతిలా పరుచుకుంటుంది. గుప్పిట పట్టబోతే చూపుడు వేలూ మధ్యవేలూ చాపినవి చాపినట్టే ఉండిపోతాయి. అలాంటి చేతిని ఎదురుగా పెట్టుకుని, దగ్గరగా చూసి రాసినట్టుంటుంది ఆ వర్ణన. వాటపు చేతికి అంతటి నష్టం జరిగితే 70 శాతం, రెండో చేతికి 60.

ఇక తీర్పు రాసేవారి పనితనం. ట్రక్కుల ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్ ఒకాయన ఉన్నాడనుకుందాం. పరీక్ష జరిగిన రోజు ఆయన బొటనవేలి దగ్గర ఖాళీ అంగుళంన్నర. అంటే 10 శాతం. కానీ నెలలో కొన్ని రోజులు చెయ్యి వాచిపోతుందనీ, అప్పుడు చొక్కా గుండీ కూడా పెట్టుకోలేననీ ఆయన మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. బద్ధకపు తీర్పు అంగుళంన్నర దగ్గరే ఆగిపోతుంది. మంచి తీర్పు ఆ వాపు రోజుల వెంట పడుతుంది. నొప్పి ముదిరిన రోజుల్లో కదలిక ఇంకెంత తగ్గుతుందో అంచనా కట్టాలని, బోర్డు తీర్పులను సమీక్షించే కోర్టు 1995లోనే చెప్పింది. వాపు నా కళ్లెదుట లేదు కాబట్టి చెప్పలేనని డాక్టరు చేతులు దులుపుకోవడం కుదరదని 2017లో ఇంకో తీర్పు తేల్చింది. వాపు ఎన్నాళ్లకొకసారి వస్తుందో, ఎంతసేపుంటుందో, ఏ పని ఆపేస్తుందో రోగినే అడగాలి. ఆ జవాబులను బట్టి ఖాళీ 2 అంగుళాలు దాటుతుందని తేలితే రేటింగ్ 20 అవుతుంది. డాక్టరు అసలు అడగనే లేదనుకోండి, కేసు మళ్లీ పరీక్షకు వెళుతుంది. సైనికుడికి ఇంకొన్ని నెలల నిరీక్షణ తప్పదు. అయినా అడక్కుండా తోసిపుచ్చడం కంటే అదే నయం.

2016 నాటి తీర్పు ఒకటి ఇంకో మెలిక పెట్టింది. వీలైతే దెబ్బ తగలని రెండో కీలును కూడా కొలవాలి. మామూలు అనే కొలతను పుస్తకంలోంచి మాత్రమే కాక ఆ మనిషి ఒంటిలోంచే తీసుకోవడమన్నమాట.

మణికట్టు కేసుల్లో అసలు చిక్కు వేరే ఉంది. కదలిక తగ్గడానికి ఇచ్చేది ఒక్కటే మెట్టు, 10 శాతం. ఆపైన ఇవ్వాలంటే కీలు బిగుసుకుపోయి ఉండాలి. అప్పుడు వాటపు చేతికి కనీసం 30. ఆ రెంటి మధ్య మెట్టే లేదు. ఇది షెడ్యూల్ లోపమే అనిపిస్తుంది నాకు. నేర్పరి అయిన న్యాయమూర్తి ఇక్కడ లక్షణాలను విడదీస్తాడు. మణికట్టు బిగుతు ఒకటి, కార్పల్ టనల్ వల్ల, అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం వల్ల, వేళ్లలో తిమ్మిరి ఇంకొకటి. ఒకే బాధకు రెండుసార్లు పరిహారం ఇవ్వకూడదన్న నియమం ఉంది కాబట్టి, ఇవి రెండు వేర్వేరు బాధలని వైద్య రికార్డులోంచి చూపించాలి. అలా చూపించగలిగితే కీలుకు ఒక రేటింగ్, నరానికి ఒక రేటింగ్.

రికార్డులో రెండు వైపులా సాక్ష్యం సరితూగితే నెగ్గేది సైనికుడే. చట్టమే అలా ఉంది. చికిత్స కాగితాలు లేవన్న ఒక్క కారణంతో సైనికుడి మాటను అబద్ధమని కొట్టేయకూడదని 2006లో ఫెడరల్ అపీళ్ల కోర్టు చెప్పింది. క్యాంపులో ప్రతి నొప్పికీ డాక్టరు దగ్గరికి పరుగెత్తేదెవరు?

షెడ్యూల్‌ను ఇంత చూసి రాసినవాళ్లు ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ మాత్రం చిన్నచూపు చూశారు. వాటి కదలిక ఎంత తగ్గినా సున్నాయే. సుత్తి పట్టేవాణ్ణి అడిగితే చెబుతాడు, గట్టి పట్టంతా ఆ వైపే ఉంటుంది. నొప్పి ఉన్న కీలుకు కనీస రేటింగ్ ఇవ్వాలన్న నియమం ఇక్కడైనా అక్కరకొస్తుందేమో అని ఒక సైనికుడు కోర్టుకెక్కాడు. ఉంగరపు వేలికి షెడ్యూల్‌లో సున్నా తప్ప వేరే మెట్టు లేదు కాబట్టి ఆ నియమం వర్తించదని 2016లో తీర్పొచ్చింది. అందుకే అలాంటి కేసు చేతికొస్తే అనుభవమున్న న్యాయవాది వేలి కదలిక దగ్గర కాలం వృథా చేయడు. ఆ వేళ్ల వైపు వెళ్లే అల్నార్ నరం దెబ్బతిన్న ఆనవాళ్లు ఉన్నాయేమోనని రికార్డు వెతుకుతాడు. అది స్వల్పంగా దెబ్బతిన్నా 10 శాతం ఉంది.