ఆయకట్టు పోయినా చెరువు పని పోలేదు

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ అంచున శంషాబాద్ రన్‌వే మీదా, బాలాపూర్ బండల మీదా, జల్‌పల్లి చెరువు మీదా కాసేది ఒకే ఎండ. మబ్బు లేని రోజున నడినెత్తి పొద్దుకు చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల శక్తి పడుతుంది. ఆ శక్తి ఏమవుతుందన్నది మాత్రం పడ్డ చోటును బట్టి ఉంటుంది. వాతావరణ శాస్త్రంలో ఈ లెక్కను ఉపరితల శక్తి సమతుల్యత అంటారు. దక్కన్ గొలుసుకట్టు చెరువుల విద్యను ఈ లెక్కతో చూస్తే, ఆయకట్టు ఎకరాల్లో ఇమడని దాని విలువ తెలుస్తుంది.

నేల మీద పడిన ఎండలో కొంత వెలుగుగానే వెనక్కి పోతుంది. కొంత వేడి కిరణాలుగా ఆకాశానికి చేరుతుంది. మిగిలిన దానికి ముఖ్యంగా మూడు దారులు. ఒక వాటా నేల లోపలికి దిగుతుంది. ఒక వాటా పైనున్న గాలిని వేడెక్కిస్తుంది. మూడో వాటా తడిని ఆవిరిగా మారుస్తుంది. ఈ మూడో దారిలో పోయిన వేడి మన ఒంటికి తగలదు. ఆవిరిలో దాగి పైకి వెళ్లి, ఎక్కడో మబ్బు కట్టినప్పుడే బయటికి వస్తుంది. అందుకే దానికి గుప్తోష్ణమని పేరు. మట్టికుండలో నీళ్లు చల్లబడటానికి కారణం ఇదే.

గాలిని వేడెక్కించే వాటాకూ, ఆవిరి చేసే వాటాకూ మధ్య ఉన్న నిష్పత్తిని 1926లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఐరా బోవెన్ లెక్కలోకి తెచ్చారు. ఎడారిలో ఈ బోవెన్ నిష్పత్తి 10 దాకా ఉండవచ్చు. ఉష్ణమండల సముద్రం మీద 0.1 దగ్గర ఉంటుంది. నీళ్లున్న చెరువు, పొట్టకొచ్చిన వరిమడి సముద్రం వైపు మొగ్గుతాయి. కాంక్రీటు పరిచిన కాలనీ ఎడారి వైపు మొగ్గుతుంది.

కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4,200 జౌళ్లు చాలు. అదే కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 24.5 లక్షల జౌళ్లు కావాలి. 100 ఎకరాల చెరువులో రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైందనుకుందాం. అది 20 లక్షల లీటర్ల పైమాట. ఆ ఆవిరి మోసుకుపోయే వేడిని కరెంటు యూనిట్లలో చెబితే సుమారు 13.8 లక్షల యూనిట్లు, అదీ ఒక్క రోజులో. ఆ చెరువును పూడ్చి ప్లాట్లు చేస్తే ఆ వేడికి ఆవిరి దారి మూసుకుపోతుంది. అందులో చాలా భాగం గోడల్లోకి, రోడ్లలోకి, గాలిలోకి చేరుతుంది.

పూర్వులు ఈ భౌతిక శాస్త్రం చదివి చెరువులు కట్టలేదు. వాళ్లు కోరింది పంట. ఆవిరిని వాళ్లు నష్టంగానే చూశారు. అయితే నాలుగు నెలల వానను ఏడాది పొడవునా నేల మీద నిలిపే ఉపాయాన్ని వాళ్లు సాధించారు. ఎండాకాలంలో తడి మిగిలితేనే ఎండకు ఆవిరి దారి దొరుకుతుంది. ఆ తడిని మిగిల్చిన పనితనం ఎలాంటిదో చూడాలి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని ఆ శాసనం చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీపినీటి ఏరు, దగ్గర్లో రాతిగని, పనితెలిసిన కూలీలు అంగాల్లో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక, రెండు రాజ్యాల సరిహద్దు దోషాలు. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం ఒక దోషం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరో దోషం. ఈ చివరి రెండూ నేటి ఇంజనీరు పరీవాహక ప్రాంతానికీ చెరువు సామర్థ్యానికీ పొంతన చూసే లెక్కే.

తెలంగాణలో కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం పెద్ద చెరువులు. వాటికన్నా ఎక్కువ మేలు చేసినవి ఊరూరా ఉన్న చిన్న చెరువులు, కుంటలు. గుట్టల నడుమ వాలు చూసి మట్టికట్ట వేసేవారు. అలలు కొట్టే లోపలి వైపు రాయి పేర్చేవారు. తూము ద్వారా కావలసినంత నీరే పొలాలకు వదిలేవారు. నిండిన చెరువు కట్ట మీద పొర్లకుండా పక్కన మత్తడి కట్టేవారు. మత్తడి దూకిన నీరు వాగై కింది ఊరి చెరువుకు చేరేది. అక్కడ నిండితే ఆ తర్వాతి చెరువుకు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత పారించాలో చూసేందుకు నీరటి ఉండేవాడు. చెరువు బాగుకు దశబంధ ఇనాములు ఉండేవి. ఎండాకాలంలో పూడిక తీసి ఆ ఒండ్రును పొలాలకు తోలేవారు. దాంతో చెరువుకు లోతు, పొలానికి సత్తువ దక్కేవి. నీళ్లు తగ్గాక బయటపడే శిఖం భూమిలో పశువులు మేసేవి.

ఎండ లెక్కలో చూస్తే ఈ ఏర్పాటులో నీటి అద్దం ఒక భాగమే. కట్ట కింద వరి, కట్ట మీద తాటిచెట్లు, ఊట పెరిగిన బావుల కింద తోటలు అన్నీ తడిని గాలిలోకి వదిలేవే. ఒక్క చెరువు చల్లదనం దూరం పోదు. గాలివాలున కొంత మేరకే తగులుతుంది. రాత్రిపూట నీరు పక్కనున్న నేలకంటే వెచ్చగా ఉండవచ్చు. ఉక్కపోత రోజుల్లో ఆవిరి హాయినీ ఇవ్వదు. చల్లదనం దూరం పోదు కాబట్టే ఒక్క పెద్ద జలాశయం కన్నా ఊరికొకటి ఉన్న గొలుసు మేలు. తడి ప్రాంతమంతా పరచుకుని ఉంటుంది.

హైదరాబాద్ ఈ గొలుసుల మీదే పెరిగింది. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో 21 కమానులతో కట్టిన మీర్ ఆలం చెరువు నగరానికి దక్షిణాన ఇప్పటికీ నిలిచి ఉంది. 1908 మూసీ వరద తర్వాత వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో జీవో 111 తెచ్చారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక చుట్టుపక్కల భూమి ధర మారింది, ఆయకట్టు ప్లాట్లయింది. పారించడానికి పొలం లేనప్పుడు చెరువు ఎందుకన్న మాట అక్కడి నుంచే పుట్టింది.

దానికి 2020 అక్టోబరు జవాబు చెప్పింది. కుండపోతకు మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు, బాలాపూర్ పక్కన గుర్రం చెరువు కట్టలు తెగి కింది కాలనీలను ముంచాయి. గొలుసులో నీరు పోయే దారి మూసుకుంటే పై చెరువు బలమంతా కింది ఇళ్ల మీద పడుతుంది. అక్టోబరులో వరద, మేలో వడగాడ్పు రెండు వేర్వేరు కష్టాలుగా కనిపిస్తాయి. వాటి వేరు ఒక్కటే: నీటికి నేల మీద చోటు లేకపోవడం.

ఈ గొలుసు సముద్రం దాకా సాగుతుంది. బాలాపూర్ వాననీరు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి చేరతాయి. తీరంలో చిత్తడినేలలు ఇదే పని పెద్ద ఎత్తున చేస్తాయి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు నీటిని పట్టి ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదులుతుంది. 2002లో దాన్ని రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తించారు. చేపల చెరువుల గట్లు దాన్ని ఎంతగా ఇరుకున పెట్టాయంటే, 2006లో ప్రభుత్వమే వాటిని కూల్చవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచింది ఆ బుడమేరే.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని సంకల్పించింది. నగరం అంచున బాలాపూర్ లాంటి చోట్ల పూడిక తీయడం ఒక్కటే చాలదు. మత్తడి నుంచి కింది చెరువు దాకా కాలువ తెరిచి ఉండాలి. శిఖం హద్దు రాళ్లు కదలకూడదు. మురుగు చెరువులోకి రాకుండా వేరే దారి పట్టాలి. వానకు ముందు తూము, మత్తడి చూసే బాధ్యత ఒక మనిషికి, పేరు పెట్టి, జీతమిచ్చి అప్పగించాలి. నీరటి పని ఇప్పటికీ అవసరమే. చెరువు విలువను ఆయకట్టు ఎకరాలతో కొలిచిన కాలం పోయింది. అది ఆపిన వరదతో, మోసిన వేడితో కలిపి కొలిస్తే ప్లాటు ధర దాని ముందు చిన్నదవుతుంది.