జ్వరం మాట ముందే చెప్పాలి

ఆదోని వైపు పల్లెల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు తల్లులతో మాట్లాడే పద్ధతి నేర్పడం నా పని కాబట్టి, ఆ రోజుల్లో తరచూ ఏదో ఒక అంగన్‌వాడీ గదిలో ఓ మూల కూర్చుంటాను. సూది వేయడం వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. సూది వేశాక తల్లితో ఏమంటారా అని మాత్రం చెవి ఒగ్గి వింటాను.

ఎక్కువగా వినపడేది ఒకటే: "ఏం కాదులేమ్మా, పో."

ప్రేమతో అనే మాటే. కానీ ఆరో వారంలో వేసే పెంటావాలెంట్ సంగతి చూడండి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే అయిదింటికీ ఆ ఒక్క సూదే కాపు. అందులో కోరింత దగ్గు కోసం చంపిన సూక్ష్మజీవిని మొత్తంగా వాడతారు. అందుకే చాలామంది పిల్లలకు ఒకటి రెండు రోజులు ఒళ్లు కాలుతుంది, తొడ వాస్తుంది. 'ఏం కాదు' అన్న మాట ఆ రాత్రికే అబద్ధమవుతుంది. పదో వారం సూదికి తల్లి రాదు, వస్తానన్నా అత్త పంపదు.

ఎమ్మిగనూరు నేతపనివాళ్ల వీధిలో ఒక నర్సమ్మ పద్ధతి చూశాక నా పాఠమే మార్చుకున్నాను. ఆమె బిడ్డ తొడ మీద వేలుపెట్టి చూపింది. "ఈడ కొంచెం వాపొస్తాది. రాత్రికి జరం రావచ్చు, భయపడాకు. ఈ మందు నేను చెప్పినంతే తాపు, పాలు ఆపాకు. రెండు దినాలకూ జరం తగ్గకున్నా, పాలు తాగకున్నా, ఫిట్సొచ్చినా ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి." అంతటితో వదల్లేదు. "ఇంటికి పోయి మీ అత్తకు ఏం చెప్తావో నాకు చెప్పు" అంది. ఆ పిల్ల అన్నీ సరిగ్గానే అప్పజెప్పి, "వాపుకు పసుపు పట్టేస్తాం" అని కలిపింది. "ఏమీ పూయాకు, రుద్దాకు" అని నర్సమ్మ అక్కడికక్కడే దిద్దింది. తిరిగి చెప్పించకపోతే ఆ పసుపు సంగతి బయటపడేదే కాదు.

సూది వేశాక అరగంట కూర్చోమనడానికి కారణం కూడా దాచకూడదంటాను. పది లక్షల డోసుల్లో ఏ ఒకటికో తీవ్రమైన అలర్జీ రావచ్చు. వస్తే చాలావరకు ఆ కాసేపట్లోనే తెలుస్తుంది, దానికి మందు నర్సమ్మ కిట్‌లోనే ఉంటుంది. ఇదంతా చెబితే జనం బెదిరి పారిపోతారని కొందరు పైవాళ్లు వాదిస్తారు. నేను ఒప్పుకోను. చెప్పకపోతే ఏమవుతుందో ఖమ్మంలో చూశాం. 2009లో అక్కడ ఒక అధ్యయనంలో భాగంగా సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గుజరాత్‌లోనూ ఇదే అధ్యయనం జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారని గొడవై, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పాముకాటు, మలేరియా, నీళ్లలో పడటం వంటి కారణాలు బయటికొచ్చాయి. టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. తల్లిదండ్రుల బదులు ఎంతోమంది హాస్టల్ పిల్లల అనుమతి పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు మరి. ముందు అడగనివాళ్లు తర్వాత నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు?

2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకా తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలందరికీ వేసినప్పుడు వాట్సాప్ పుకార్లు ముందే ఊళ్లోకొచ్చాయి. అప్పటినుంచి శిక్షణలో ఒక మాట మీద పట్టుబడుతున్నాను. "నీకెవరు చెప్పినారు?" అని నిలదీస్తే తల్లి నోరు మూసుకుంటుంది. "ఏం విన్నావమ్మా?" అంటే విప్పుతుంది. ఆదోనిలో ఆ మాట ఉర్దూలోనో కన్నడంలోనో అడగాల్సిన ఇళ్లు బోలెడు.

నా దిగులల్లా సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయేవాళ్ల గురించే. మిరప కోతలకు గుంటూరు వైపు లారీ ఎక్కిన తల్లికి, చేను గట్టున గుడిసెలో అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలితే అడగడానికి తెలిసిన నర్సమ్మ ఉండదు. జ్వరం సంగతి, ఫోన్ నంబరు, టీకా కార్డు చూపిస్తే ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా తర్వాతి సూది ఉచితంగా వేస్తారన్న భరోసా ఆమెకు ఇక్కడే అందాలి. అందుకు ఒక్కో తల్లి దగ్గర అయిదు నిమిషాలు కూర్చునే తీరిక నర్సమ్మకు కావాలి. ఇప్పుడు ఆ సమయాన్ని రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు తినేస్తున్నాయి. ఈ ఏడు సుగ్గి మొదలయ్యేలోపు, టీకాల రోజున ఆ రాతపని చూసే మనిషిని ఒకరిని వలస పల్లెలకు వేయమని అధికారులను అడుగుతున్నాను.