ఏ సీమ మాటకు ఆ సీమ సాక్ష్యం

ఆన్‌లైన్ నిఘంటువైన విక్షనరీలో మాండలిక పదాలు చేరుస్తున్న యువకులు కొందరు, మాండలిక కోశాలను మూలాలుగా ఎలా చూపాలో వివరిస్తూ రాసిన చిన్న పుస్తకమిది. ముందుమాట రాయమని అడిగారు. ప్రతి పుటా శ్రద్ధగా చదివాను. మన భాషకు ఎంతో అవసరమైన పని చేశారని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మన పెద్ద నిఘంటువులు చాలాకాలం కావ్యభాషకే పెద్దపీట వేశాయి. 1885 నాటి శబ్దరత్నాకరమూ, 1936లో వెలువడడం మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువూ ప్రధానంగా కవుల ప్రయోగాలనే ఆధారం చేసుకున్నాయి. తిక్కన వాడిన మాటకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. మరి పొలంలో పుట్టి పొలంలోనే తిరిగే మాటకు సాక్షి ఎవరు? రైతే సాక్షి అని చేతల్లో చూపారు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు. ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. పనిచేసేవారి నోట విన్న మాటలను, అవి విన్న జిల్లాల పేర్లతో సహా నమోదు చేసిన కోశమది. తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించి చూపడానికి ఆధారమైంది ఈ సేకరణే.

కాబట్టి ఇలాంటి కోశం నుంచి అర్థం ఒక్కటే తీసుకుని జిల్లా పేరు వదిలేస్తే సగం సత్యమే తీసుకున్నట్టు. ‘మడక’ అంటే నాగలి అని రాసి, కింద కోశం పేరు వేసినంత మాత్రాన సరిపోదు. ఏ సంపుటం, ఏ పుట, ఏ ప్రాంతం అన్నవి కూడా ఉండాలి. ఈ రచయితలు మరో అడుగు ముందుకు వేశారు. కోశంలో ఒక జిల్లా పేరు ఉంటే ఆ మాట అక్కడ విన్నారని అర్థమే కాని, ఇంకెక్కడా లేదని కాదని హెచ్చరించారు. తమ ఊళ్లో విన్న అర్థాన్ని కోశం మీద మోపవద్దనీ, దాన్ని వేరుగా తమ ఎరుకగానే రాయాలనీ చెప్పారు. పండితులు కూడా పాటించవలసిన నియమమిది.

నాకు మిక్కిలి నచ్చింది జిల్లాల పేర్ల మీద రాసిన అధ్యాయం. 1962లో ప్రకాశం జిల్లా లేదు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలు కలిపి 1970లో ఏర్పరిచారు. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. తెలంగాణలోని 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. తొలి సంపుటం నాటి గుంటూరు జిల్లాలో ఒంగోలు కూడా ఉండేది. దాన్ని నేటి గుంటూరుగా చదివితే ఒంగోలు రైతు మాట పక్కవారి ఖాతాలో పడుతుంది. అందుకే కోశంలోని జిల్లా పేరును ఉన్నదున్నట్టు ఉంచి, ప్రచురణ సంవత్సరం తప్పక చేర్చమన్నారు.

ఇంత పట్టుదల దేనికని కొందరు అడగవచ్చు. ఇంటర్నెట్టులో ఆధారం లేకుండా ఒకచోట పడిన అర్థం పదిచోట్లకు పాకుతుంది. చివరికి ఆ పది చోట్లనే సాక్ష్యంగా చూపుతారు. ట్రాక్టరు వచ్చాక మేడి, నొగ పట్టినవారు తగ్గిపోయారు. మగ్గాలు ఆగిన ఊళ్లలో నాడె ఆడించినవారు అరుదయ్యారు. మళ్లీ వెళ్లి అడిగి సరిచూసుకుందామంటే చాలా మాటలకు చెప్పేవారే లేరు. వాటికి మిగిలిన సాక్షి ఆ కోశమే. ఆ సాక్ష్యాన్ని చెడకుండా ముందుతరాలకు చేర్చడం మన బాధ్యత.

ఈ పుస్తకం తెలుగు శాఖల విద్యార్థుల చేతికి, విక్షనరీలో రాసే ప్రతి ఒక్కరి చేతికి చేరాలి. చదివినవారు తమ జిల్లా మాటలతోనే పని మొదలుపెట్టి, ప్రతి మాట కింద సంపుటం, పుట, ప్రాంతం, సంవత్సరం తప్పక రాయాలని కోరుతూ, ఈ యువ రచయితలను నిండు మనసుతో ఆశీర్వదిస్తున్నాను.