టైలు కింద జిప్సమా, సిమెంటా

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి చలి రాష్ట్రాల్లో నేలనే వెచ్చబెట్టే ఇళ్లున్నాయి. ప్లైవుడ్ మీద పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టాలు పరిచి వాటిలో వేడినీళ్లు తిప్పుతారు. ఆ గొట్టాలను కప్పడానికి కొందరు జిప్సం కాంక్రీటు పోయిస్తారు, కొందరు సిమెంటు ఇసుక మాలు వేయిస్తారు. కొన్నేళ్లకు టైలు బోలుగా మోగితే జిప్సాన్ని తిట్టడం పరిపాటి. ఆ తిట్టులో సగమే నిజం. జిప్సం బలహీనత కంటే, దాన్ని సిమెంటులా చూడటమే ఎక్కువ నేలలను చెడగొడుతోందని నా నమ్మకం.

పోయడం వరకు చూస్తే జిప్సందే పైచేయి. పల్చగా కలిపి పైపుతో పోస్తే తనంతట తానే సమంగా పరుచుకుంటుంది, గొట్టం చుట్టూ ఖాళీ లేకుండా చేరుతుంది. గాలి మిగలదు కాబట్టి వేడి సులువుగా పైకొస్తుంది. ఒకటిన్నర అంగుళాల మందాన చదరపు అడుగుకు దాదాపు 14 పౌన్లు తూగుతుంది. అదే మందం మామూలు కాంక్రీటు 18 దాకా ఉంటుంది. చెక్క దూలాల ఇంట్లో పై అంతస్తుకు ఈ తేడా చిన్నది కాదు. మాలుతో గొట్టాల మధ్య గట్టిగా దట్టించి మట్టం తీయడానికి మంచి చేతివాటం కావాలి, అలాంటి మేస్త్రీలు అక్కడ తగ్గిపోతున్నారు.

అసలు తగవు నీళ్ల దగ్గర. సిమెంటు నీళ్లతో బలపడుతుంది. మన ఊళ్లలో స్లాబు పోశాక రోజూ నీళ్లు కొట్టేది అందుకే. జిప్సం త్వరగా గడ్డకడుతుంది, కొన్ని గంటల్లోనే మీద నడవొచ్చు. కానీ కలపడానికి పోసిన నీళ్లలో మిగులు బయటికి పోతేగాని దాని పూర్తి బలం రాదు. తడి ఆగితే మెత్తబడుతుంది. జర్మన్ పద్ధతిలో ఈ తేడా అంకెల్లోనే కనిపిస్తుంది: టైలు వేసేముందు సిమెంటు పొరలో సుమారు 2 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు, కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, పొరలో అర శాతం దాటితే ఒప్పుకోరు. పైకి గట్టిగా, తెల్లగా కనబడింది కదా అని టైలు మొదలుపెట్టే తొందర సిమెంటు మీద చాలాసార్లు చెల్లిపోతుంది. జిప్సం మీద చెల్లదు.

దీనికితోడు రసాయన వైరం ఒకటుంది. టైలు అతికించే థిన్‌సెట్ కూడా సిమెంటే. జిప్సంలోని సల్ఫేటు, సిమెంటులోని అల్యూమినేటు, తడి కలిస్తే ఎట్రింగైట్ అనే స్ఫటికం పుడుతుంది. అది పెరుగుతూ ఉబ్బి, రెండు పొరల మధ్య పట్టును విడగొడుతుంది. అందుకే జిప్సం మీది పొడిని గీకి, ఊడ్చి, తయారీదారు చెప్పిన ప్రైమరు పట్టించి, వీలైతే కదలికను తట్టుకునే పొర పరిచి, ఆ మీదే టైలు వేయాలి. సిమెంటు మాలుకు, థిన్‌సెట్‌కు ఈ గొడవే లేదు, రెండూ ఒకే జాతి. ప్రైమరు డబ్బా ఖర్చు మిగుల్చుకోవాలని చూసిన ఇంట్లో ఆ తర్వాత నేలంతా పగలగొట్టాల్సి రావడం బాధ కలిగించే విషయం.

వేడి దగ్గర లెక్క తిరగబడుతుంది. యూరప్ ప్రమాణం ఇఎన్ 1264 ప్రకారం కాల్షియం సల్ఫేట్ పొరకు 7 రోజుల తర్వాత వేడి మొదలుపెట్టొచ్చు, సిమెంటు పొరకు 21 రోజులు ఆగాలి. ఆ వేడే జిప్సంలో మిగిలిన తేమను తరిమేస్తుంది. అయితే ఎక్కువ వేడి చాలాకాలం తగిలితే జిప్సం తన స్ఫటికాల్లో కట్టివున్న నీటిని కూడా వదులుకుని పొడిబారుతుంది. నీటి వేడిని అదుపు చేసే వాల్వు సరిగ్గా పనిచేసే ఇంట్లో ఆ స్థితి రాదు. మనుషులు తిరిగే గదిలో నేల పైభాగం 29 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని అదే ప్రమాణం చెబుతుంది.

గోడల పక్కన, పెద్ద గదుల మధ్యలో సాగే జాయింట్లు రెండింటికీ కావాలి. వాటిని గ్రౌటుతో పూడ్చేస్తే సిమెంటు కూడా టైలును కాపాడలేదు.

నన్నడిగితే పై అంతస్తు హాలులో, పడకగదుల్లో జిప్సమే పోయమంటాను, ఆరిందో లేదో పరీక్షించాకే టైలు మేస్త్రీని పిలవమంటాను. స్నానాలగదిలో షవరు కింద మాత్రం వాలు తీసిన సిమెంటు మాలు, దానిమీద నీరు దిగని పొర ఉండాల్సిందే. అక్కడ జిప్సం చవకగా వస్తుందని ఎవరు చెప్పినా వినకండి.