కోట కూలిన పిమ్మట

బొబ్బిలికథ యనగానే ఆంధ్రుల యొడలు పులకించును. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులకు కోట కూలుటయు, అంతఃపురస్త్రీలును శిశువులును స్వజనుల చేతనే హతులగుటయు, తాండ్ర పాపారాయుడు విజయరామరాజును వధించుటయు మన యింట పిల్లలకు సైతము తెలిసిన సంగతులే. జంగముల పాట మొదలుకొని మన రాజమహేంద్రవరపు శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారి నాటకము, వేదము వేంకటరాయశాస్త్రిగారి నాటకము, 1964లో వెలువడిన చలనచిత్రము వఱకు ఈ కథ పెక్కు రూపములు దాల్చినది. ఇందలి వీరరసమును మేము తక్కువ చేయము. ప్రతీకారము తీరినంతనే కథ తీరినట్లు భావించు అలవాటును మాత్రము మేమొప్పుకొనజాలము.

తరగతిలో ఈ కథ చెప్పుచుండగా విద్యార్థి యొకడు, "మఱునాడు ఆ యూర పొయ్యి యెవరు రాజేసిరండీ?" యని మమ్మడిగినాడు. మన వీరగాథల కా చింత లేదు.

చరిత్ర మాత్రము ఆగలేదు. ఆ మారణహోమమునుండి యొక వృద్ధుడు రాజకుమారుని బ్రతికించి తెచ్చెనని ఓర్మ్ అను ఆంగ్లచరిత్రకారుడు వ్రాసినాడు. ఆ బాలుడే చినరంగారావు. ఆయన చెఱసాలను గూడ చవిచూచి, 1794లో పద్మనాభయుద్ధమైన పిమ్మట గాని తన జమీని మరల పొందలేదు. నడుమ ముప్పదియేడేండ్లు గడచినవి. పాపారాయుని కత్తిని గూర్చి యెన్ని పద్యములు! బిడ్డ నెత్తుకొన్న ఆ ముసలిచేతులను గూర్చి యెన్ని?

వ్యాసభగవానుడు దుర్యోధనుని తొడలు విఱుగుటతో భారతమును ముగింపలేదు. స్త్రీపర్వమున తల్లులను, భార్యలను రణభూమికి తెచ్చినాడు. శాంతిపర్వమున గెలిచినవానికే దుఃఖము కలిగించినాడు. తిక్కన వానిని తెనుగువారికిచ్చి యేడువందల యేండ్లు దాటినది. క్రీ. పూ. 415లో గ్రీకుకవి యూరిపిడీసు, ట్రాయినగరము కూలిన పిమ్మట మిగిలిన స్త్రీలనే తన నాటకమునకు పాత్రలుగా గొన్నాడు.

ఇది కేవలము రచనాశిల్పమునకు సంబంధించిన వివాదము గాదు. కోటలో మరణించిన స్త్రీలకు కన్నీరు కార్చు మన సమాజమే, 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు ఇదే రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినప్పుడు ఆయనపై కత్తిగట్టినది. మరణించిన స్త్రీకి మ్రొక్కుట సులభము. బ్రతికిన స్త్రీకి ఇంట చోటిచ్చుట కష్టము. చావునే శీలమునకు నిదర్శనముగా చూపు కథలు మన గృహములలో ఈ కాఠిన్యమును పెంచినవని మా నమ్మకము.

కాలిన యింటికి దూలమెత్తు వడ్రంగి, విత్తులకై అప్పుచేయు రైతు, భర్తను గోల్పోయి బిడ్డలను సాకు యువతి చారిత్రకనవలకు తగిన నాయకులు కారా? ఇకమీద బొబ్బిలికథ వ్రాయబూనువారు, కోట కూలిన మఱునాటి యుదయముతో మొదటి ప్రకరణము నారంభింతురు గాక.