చెవి ముందు, చెయ్యి వెనుక

ఇంటి దగ్గరే పిల్లలకు చదువు చెప్పే తల్లిదండ్రులను మొదటి ఏడాది చివర ఎక్కువగా కలవరపెట్టేది, ఏ వారంలో ఏమి, ఎంత చెప్పాలో నిర్ణయించే పాఠ్యప్రణాళిక సగంలోనే ఆగిపోయిందన్న బెంగ. ఏడాదిని 36 వారాలుగా లెక్కించి, 12 వారాల చొప్పున మూడు విడతలుగా అమర్చిన ప్రణాళికలు సగటు బాలుణ్ణి ఊహించుకుని రాసినవే తప్ప, ఆరేళ్లు నిండీ నిండని ఈ ఇంటి బిడ్డను చూసి రాసినవి కావు. అయినా పుస్తకం వెనకబడితే బిడ్డే వెనకబడినట్టు భావించి, మిగిలిన పాఠాలను సెలవుల్లో హడావిడిగా ముగించాలనుకోవడం కనిపిస్తుంది. బడిని కాదని ఇంటిని ఎంచుకున్నవారికి దక్కే అసలైన సంపద వ్యవధి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయడానికి కనీస వయస్సు 14 ఏళ్లు కాబట్టి, ఆరేళ్ల బిడ్డ ముందు ఇంకా ఎనిమిదేళ్లున్నాయి.

ఇంటి చదువుల ఆలోచనకు గట్టి పునాది వేసినవారిలో ఒకరైన ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923), 1886లో వెలువరించిన ‘హోమ్ ఎడ్యుకేషన్’లో ఆరేళ్ల లోపు పిల్లలకు పద్ధతి ప్రకారం పాఠాలు అక్కరలేదనీ, వారు వీలైనంత సేపు ఆరుబయట చెట్టూ పిట్టా చూస్తూ గడపాలనీ వాదించింది. ఆరేళ్ల తర్వాత కూడా చిన్నపిల్లల పాఠం ఇరవై నిమిషాలు మించకూడదని ఆమె నియమం. ఒక్కసారి చదివి వినిపించిన భాగాన్ని పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పడం ఆమె బోధనకు ప్రాణం. ఆమె పద్ధతిలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లలు ‘ఫారం ఒకటి’ అనే ఒకే శ్రేణిలో ఉండేవారు కాబట్టి, నిదానంగా నడిచే బిడ్డకు అందులో చోటు ముందే ఉంది. మన దేశంలో 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయస్సును విడగొట్టకుండా పునాది దశగానే పరిగణించింది.

అయితే నెమ్మది అంటే ఏమిటన్నది తేలికగా తేలే విషయం కాదు. ఒక వారం చదువును రెండు వారాలకు పరిస్తే 36 వారాల ప్రణాళిక 72 వారాలకు సాగుతుంది. కానీ అన్నిటినీ ఒకే పాళ్లలో సాగదీస్తే, తర్వాత ఏమైందో తెలుసుకోవాలని ఆత్రపడే పిల్లవాడికి కథ చప్పబడిపోతుంది. ఆరేళ్ల బిడ్డలో చెవి, నోరు, చెయ్యి మూడు వేర్వేరు వేగాలతో ఎదుగుతుంటాయి. తాను చదవలేని రామాయణ ఘట్టాన్ని విని అర్థం చేసుకునే బిడ్డ, దానిలో కొంత భాగాన్ని మాత్రమే తిరిగి చెప్పగలదు, అందులో ఒక్క వాక్యాన్నైనా రాయలేదు. ఈ మూడింటినీ ఒకే పుస్తకానికి, ఒకే వారానికి కట్టివేయడమే ప్రణాళికల లోపం. నెమ్మది కావలసింది చేతికీ లిపికీ గాని, చెవికి కాదు.

తెలుగు లిపి విషయంలో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. హల్లులు 35 అనుకుని ఒక్కోదానికి 12 గుణింతాలు లెక్కవేసినా 420 రూపాలవుతాయి, ఒత్తులు వాటికి అదనం. ప, ఫ, ష, ఘ ఒక పోలికలో, వ, మ, య మరొక పోలికలో ఉంటాయి గనుక, వర్ణమాల వరుసను పట్టుకుని రోజుకో అక్షరం చొప్పున పరుగెత్తితే నిన్నటి ‘మ’ ఈనాటి ‘య’తో కలగలిసిపోతుంది. పోలిక ఉన్న అక్షరాల మధ్య వారాల ఎడం ఉంచి, త, ల, వ, ప, క వంటి కొద్ది అక్షరాలతోనే తల, వల, కల, పలక అని చదివించుకుంటూ, ఆ మాటలు తడుముకోకుండా వచ్చేదాకా కొత్త అక్షరం జోలికి పోకపోవడం మేలు. రాతను మరికొంత వెనక్కి జరపడంలోనూ తప్పులేదు. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు మృదులాస్థిగా, అంటే మెత్తని కణజాలంగా ఉండి ఏళ్ల తరబడి గట్టిపడతాయి, చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికే తొమ్మిదేళ్లు దాటవచ్చు. పెన్సిలుతో పేజీలు నింపించేకంటే ఇసుకలో వేలితో దిద్దించడం, పిండి పిసికించడం, ముగ్గు చుక్కలు కలిపించడం ఆ వయసు చేతికి తగిన సాధన. బాసరలో అక్షరాభ్యాసం జరిగిన ఏడాదికే “ఇంకా రాయడం రాలేదా?” అని అడిగే అమ్మమ్మలకు, తాతయ్యలకు జవాబు చెప్పవలసి రావడం తల్లికి కష్టమే. ఆ కష్టాన్ని తల్లి భరించాలి గాని బిడ్డ చేతికి బదలాయించకూడదు.

లెక్కల్లోనూ ఇదే వరుస వర్తిస్తుంది: చింతగింజలతో పదులు కట్టడం చేతికి వచ్చాకే కాగితం మీద కూడికలు.

నెమ్మదిని అలక్ష్యంతో కలపకుండా ఉండాలంటే పాఠం చిన్నదైనా రోజూ సాగాలి, ఏ అక్షరం ఏ రోజు పట్టుబడిందో, ఏది జారిపోయిందో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. కథ చక్కగా విని చెప్పగలిగిన బిడ్డ నెలల తరబడి ఓపికగా చెప్పినా ధ్వనికీ అక్షరానికీ ముడి వేయలేకపోతుంటే, దాన్ని వయసు మీదకు నెట్టి ఊరుకోక చూపును, వినికిడిని పరీక్ష చేయించి, డిస్లెక్సియా, అంటే తెలివితేటలకు సంబంధం లేకుండా చదవడంలో ఎదురయ్యే ఇబ్బంది, ఉందేమో నిపుణులకు చూపించాలి. ఆ పుస్తకంలోని తేదీలు అప్పుడు వైద్యుడికీ ఉపయోగపడతాయి.